మూడున్నర అడుగుల లోతు

ఆగస్టు 4

నీళ్ళా, కత్తా, మీరే తేల్చుకోండి అన్నాడు మోకాళ్ళ డాక్టర్. నీళ్ళే అన్నాను. యాభై మూడేళ్ళ వయసులో స్విమ్మింగ్ పూల్ ఫారం నింపాను. వృత్తి: లెక్కల టీచర్, హైస్కూలు. ఈత వచ్చునా: రాదు. ఆ గడి దగ్గర పెన్ను కాసేపు ఆగింది. రాదు అనే మాట ఇంకొకళ్ళ గురించి రాయడమే నాకు అలవాటు.

ఆడవాళ్ళ బ్యాచ్ పొద్దున ఆరింటికి. ఆరుగురం. అందరిలోకీ పెద్దది బేకరీ నడిపే ఆవిడ, అరవై దాటాయి. తర్వాత నేనే. బస్సు కండక్టర్ ఒకామె ఉంది, ఆమె గొంతు ఈ చివర అంటే ఆ చివర గోడకు తగిలి వెనక్కి వస్తుంది. మిగతా ముగ్గురూ నర్సింగ్ చదివే పిల్లలు. కోచ్‌కు ముప్పై లోపే. పొట్టి జుట్టు, మెడలో విజిల్. గంటలో ఒక్కసారి కూడా దాన్ని ఊదలేదు.

మొదటి రోజు గట్టు మీద కూర్చోబెట్టి కాళ్ళు నీళ్ళలో పెట్టుకోమంది. అంతే. ఆ టైములో నేనైతే ఒక సిద్ధాంతం పూర్తి చేసి హోంవర్క్ కూడా ఇచ్చేదాన్ని.

నొప్పి ఎంతుందో రోజూ రాసుకోమన్నాడు డాక్టర్. ఈ డైరీ అందుకే. ఇవాళ పదికి ఆరు.

ఆగస్టు 5

ముఖం నీళ్ళలో పెట్టాలి. మూడున్నర అడుగుల లోతు, నడుము కొంచెం దాటుతుందంతే. బేకరీ ఆవిడ బుడుంగున పెట్టేసింది. నర్సు పిల్లలు ఎప్పుడో పెట్టేశారు. నేను గట్టు వెంట ఉన్న కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. ముక్కు దాకా వచ్చాక మెడ వంగనంది.

కోచ్ నా పక్కకు వచ్చి, తన ముఖం నా ముఖానికి సమానంగా ఉండేలా నీళ్ళలో కిందికి కూర్చుంది. ఇవాళ ముక్కు దాకా వచ్చింది కదా, రేపు అక్కడి నుంచి మొదలెడదాం అంది. అందరికీ వచ్చింది నీకేమొచ్చింది అనే మాట కోసం చూశాను. అనలేదు.

నొప్పి ఆరు.

ఆగస్టు 7

నీళ్ళు మింగాను. నొప్పి రాయడం మర్చిపోయాను.

ఆగస్టు 11

నేను ఈత సరిగా గమనించడం లేదు, ఆ అమ్మాయి నేర్పే తీరును గమనిస్తున్నాను. వృత్తి రోగం.

బాగా చేసేవాళ్ళను మిగతావాళ్ళకు చూపించి, చూడండి, అలా చెయ్యాలి అనదు. ఎవరికి భయంగా ఉంది అని రోజూ అడుగుతుంది, ముందు తనే చెయ్యెత్తుతుంది. తనకు నిచ్చెన ఎక్కాలంటే కాళ్ళు వణుకుతాయట. ఇంట్లో బల్బు మార్చాలన్నా వాళ్ళ తమ్ముడు రావాలట. నర్సు పిల్లలు పగలబడి నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

ఇంకొకటి. వీపు కింద చెయ్యి పెట్టి తేలిస్తుంది కదా, ఆ చెయ్యి తీసేముందు, ఇప్పుడు తీస్తాను అని చెప్పి తీస్తుంది. చెప్పకుండా వదిలేస్తేనే తొందరగా వస్తుందట కదా అని కండక్టర్ అడిగింది. ఈత వస్తుందేమో అక్కా, కానీ నేను పట్టుకున్నానంటే మళ్ళీ నమ్మరు అంది కోచ్.

అందరినీ అక్కా అంటుంది. బేకరీ ఆవిడను కూడా. నన్ను మాత్రం మేడమ్ అంటుంది. ఫారంలో టీచర్ అని చూసి ఉంటుంది.

ఆగస్టు 14

కాలు జారి మునిగాను. కడ్డీ దొరికేసరికి రెండు గుటకలు. కండక్టర్ పూలంతా మోగేలా నవ్వింది. కోచ్ ఆమెను తిట్టలేదు. అక్కా, మీరిటు రండి, మేడమ్ రెండో చెయ్యి మీరు పట్టుకోండి అంది. నా చెయ్యి పట్టుకోగానే కండక్టర్ నవ్వు ఆగింది. అయ్యో, చెయ్యి ఇలా వణుకుతోందేంటండీ అంది మెల్లగా. ఆమెకు మెల్లగా మాట్లాడటం వచ్చని అప్పుడే తెలిసింది. నోటితో బుడగలు ఎలా వదలాలో ఆమే నేర్పింది.

ముఖం పెట్టాను. మూడు అంకెలు లెక్కపెట్టేంత సేపు.

ఆగస్టు 19

ఇవాళ పొడవులు, అంటే ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా వెళ్ళి రావడం. ఎవరెన్ని వేశారో కోచ్ లెక్కపెడుతోంది. నేను అలిసిపోయి మెట్ల మీద కూర్చున్నాను, ఆమె వెనక. చేతులు వీపు వెనక కట్టుకుని, బొటనవేలితో ఒక్కో వేలి కణుపూ తాకుతూ లెక్కపెడుతోంది.

ముఖం చూసి గుర్తుపట్టలేదు, వేళ్ళు చూసి పట్టాను.

తొమ్మిదో తరగతి. పదిహేనేళ్ళు అయి ఉంటుంది. సమీకరణం మధ్యలో, ఏడెనిమిదులు ఎంత అన్నాను. ఒక పిల్ల బల్ల కింద వేళ్ళు లెక్కపెడుతోంది. లేపాను. ముందుకు రమ్మన్నాను. ఆ వేళ్ళేవో అందరికీ చూపించి పైకి లెక్కపెట్టు అన్నాను. పది దాకా వచ్చి ఆగింది. ఇంకా కావాలంటే పక్కవాళ్ళవి అప్పు తెచ్చుకో అన్నాను. క్లాసంతా విరగబడి నవ్వింది. ఆ రోజుల్లో నాకు హాస్యం బాగా వస్తుందని పేరు.

పదివేళ్ళు అని పిలిచాను. క్లాసు అందుకుంది. తర్వాత బడంతా అందుకుంది. పదో తరగతికి ఆ పిల్ల కనిపించలేదు.

అసలు పేరు గుర్తు రావడం లేదు. పెట్టిన పేరే గుర్తుంది.

మేడమ్ అని ఎందుకంటుందో ఇప్పుడు తెలిసింది.

ఆగస్టు 20

వెళ్ళలేదు. మోకాలు నొప్పి అని మావారికి చెప్పాను. మోకాలు నొప్పి అనే కదా వెళ్ళేది అన్నాడు ఆయన.

ఆగస్టు 22

బడిలో పాత రిజిస్టర్లు ల్యాబ్ పక్క గదిలో ఉంటాయి. తాళం తీయించి వెతికాను. పేరు దొరికింది. ఇక్కడ రాయను. అర్ధ సంవత్సర పరీక్షల్లో లెక్కలకు పదకొండు మార్కులు. ఎదురుగా ఎర్ర ఇంకుతో, శ్రద్ధ లేదు. అక్షరాలు నావే. ఏడాది చివర, టి.సి. తీసుకున్నది.

ఆ ఏడు నాకు ఉత్తమ ఉపాధ్యాయురాలి షీల్డ్ వచ్చింది. అది మా హాల్లో టీవీ పక్కన ఉంది.

ఆగస్టు 23

వెళ్ళాను. మూడు రోజులు ఎందుకు రాలేదని ఆమె అడగలేదు. అందరూ బట్టలు మార్చుకోవడానికి వెళ్ళాక నేనే అడిగాను, నేనెవరో తెలుసా అని.

ఫారం ఇచ్చిన రోజే తెలుసు అంది.

మరెందుకు చెప్పలేదు అన్నాను. చెబితే నీళ్ళతో పాటు నన్ను చూసి కూడా భయపడతారు, ఒక్కసారికి ఒక్క భయం చాలు కదా మేడమ్ అంది.

నేను మూడు వాక్యాలు తయారు చేసుకుని వెళ్ళాను. మొదటిది మొదలుపెట్టాను. ఆమె చేతిలో తడి టవల్ పిండుకుంటూ, రేపు కాళ్ళు నిటారుగా పెట్టి ఆడించాలి, మోకాళ్ళు వంచుతున్నారు అంది. ఆ తర్వాత మిగతా రెండు వాక్యాలు చెప్పడానికి చోటు దొరకలేదు.

నొప్పి నాలుగు.

ఆగస్టు 28

క్లాసులో అడిగాను, ఎవరికి అర్థం కాలేదో చెయ్యెత్తండి అని. నలభై ఒక్క మంది. ఒక్క చెయ్యి లేవలేదు. నేనే ముందు చెయ్యెత్తి, నాకు కూడా తొమ్మిదో తరగతిలో ఇది అర్థం కాలేదు అన్నాను. నిజమే అది. పిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. మొదటి బెంచీ పిల్ల లేచి, ఇది ఇంటర్నల్ మార్కుల్లో కలుస్తుందా మేడమ్ అని అడిగింది.

నేను వల వేశాననుకున్నారు. ముప్పై ఏళ్ళు వేసినదాన్నే కదా.

సెప్టెంబరు 3

బట్టల గదిలో బేకరీ ఆవిడ చెప్పింది. నవంబరు నుంచి సర్టిఫికెట్ లేనివాళ్ళను కోచ్‌గా ఉంచరట, కొత్త రూలు. మన పిల్ల ఈతలో, ప్రాణం కాపాడే పరీక్షలో ఫస్ట్ అట. రాతపరీక్ష రాయదట. రెండుసార్లు హాలు దాకా వెళ్ళి, పేపరు చూసి లేచి వచ్చేసిందట. అందులో లెక్కలుంటాయట, పూల్లో నీళ్ళెన్ని, క్లోరిన్ పొడి ఎంత వెయ్యాలి, అలాంటివి. చేపపిల్లలా ఈదే మనిషికి లెక్కలెందుకమ్మా, మీరు టీచరు కదా, చెప్పండి అంది.

జాకెట్టు హుక్కులు పెట్టుకుంటున్నాను. ఒకటి తప్పు పెట్టుకున్నట్టు ఇంటికి వచ్చాక చూశాను.

సెప్టెంబరు 4

నేను నేర్పుతాను అన్నాను.

వద్దు మేడమ్ అంది. మీ దగ్గర కాదు.

కోపం లేదు. ఇవాళ నీళ్ళు చల్లగా ఉన్నాయి అని చెప్పినట్టే చెప్పింది.

నాకు మాత్రం కోపం వచ్చింది. నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను. నా దగ్గర ట్యూషన్‌కు జనం సిఫార్సులు పట్టుకుని వస్తారు, ఊరికే చెబుతానంటే వద్దంటుందా అనుకున్నాను. బస్సు ఎక్కే దాకా అదే కోపం. స్కూలు దగ్గర దిగేసరికి పోయింది. ఆ చోట ఏం మిగిలిందో దానికి పేరు తెలియదు.

సెప్టెంబరు 9

తేలాను. ఇప్పుడు తీస్తాను అంది, తీసింది. ఏడు సెకన్లు. చెవులు నీళ్ళలో ఉంటే మన ఊపిరి మనకే ఎంత గట్టిగా వినిపిస్తుందో.

సెప్టెంబరు 11

బోర్డు మీద తప్పు చేశాను. కావాలని కాదు. మైనస్ గుర్తు ఒకటి జారిపోయింది. నాకు తెలియలేదు. చివరి బెంచీలో ఒక పిల్ల బోర్డు చూసి, నోట్సు చూసి, మళ్ళీ బోర్డు చూసి, తన నోట్సులో ఉన్నది కొట్టేసింది. ఎందుకు కొట్టేశావు అన్నాను. నిలబడిపోయింది. నాదే తప్పు మేడమ్ అంది.

నోట్సు తీసి చూశాను. ఆ పిల్లది రైటు.

తన కళ్ళకు కనిపిస్తున్న దాన్ని కొట్టేసి నా తప్పును ఎక్కించుకుంది. ఇది నేను నేర్పిన పాఠమే. సిలబస్‌లో లేదు గానీ అందరికీ బాగా వచ్చింది.

తప్పు నాది, నీది రైటు అని అందరికీ వినిపించేలా చెప్పాను. కాసేపటికి మధ్య బెంచీ నుంచి ఒక చెయ్యి లేచింది. మొన్నటి మూడో లెక్కలో కూడా ఒక తప్పుంది మేడమ్ అట. చూశాను. ఉంది. కిటికీ పక్క నుంచి ఇంకో చెయ్యి. అది తప్పు కాదు, నా చేతిరాత. మొత్తానికి పది నిమిషాలు నా తప్పులే పాఠం.

సెప్టెంబరు 15

మా క్లాసులో మార్కుల వరస ప్రకారం కూర్చోవాలి. ఆ పద్ధతి నాదే, మిగతావాళ్ళు నన్ను చూసి పెట్టుకున్నారు. తీసేశాను. ఎవరి ఇష్టం వచ్చినచోట వాళ్ళు.

ఫస్ట్ ర్యాంకు పిల్లవాడి తండ్రి వచ్చాడు. హెడ్మాస్టర్ పిలిచాడు. ఇన్నేళ్ళ సర్వీసు అయ్యాక మీకెందుకండీ ఈ ప్రయోగాలు, రిజల్ట్ పడిపోతే ఎవరు జవాబు చెప్పాలి అన్నాడు. నేను చెబుతాను అన్నాను.

సెప్టెంబరు 18

కండక్టర్ బట్టల గదిలో నన్ను మూలకు లాగింది. కోచ్‌కు లెక్కలు తను చెబుతోందట. రోజుకు వందలమందికి చిల్లర లెక్కగట్టే చెయ్యి కదా, కూడికలు, గుణకారాలు నోటితోనే చెప్పేస్తుంది. పొడవు, వెడల్పు, లోతు గుణిస్తే నీళ్ళెన్నో బకెట్లతో చూపించిందట. అక్కడిదాకా బానే వచ్చిందట. శాతాల దగ్గర తనకే బండి ఆగిపోయిందట. మీరు నాకు చెప్పండి, నేను ఆ అమ్మాయికి చెప్పుకుంటాను, మీ పేరు ఎత్తను అంది. ఆమె లెక్కలో అది గుసగుస. షవర్ కింద ఉన్న నర్సు పిల్లలు కూడా విన్నారు.

చెప్పాను. నూరు గ్రాముల పొడిలో అరవై గ్రాములే క్లోరిన్. మనకు ఆరు వందల గ్రాముల క్లోరిన్ కావాలి. కాబట్టి ఆరు వందలను నూటితో హెచ్చించి అరవైతో భాగించాలి.

ఎందుకు అంది కండక్టర్.

అది సూత్రం అన్నాను.

సూత్రం అంటే ఆ అమ్మాయి ఒప్పుకోదండీ, ఎందుకూ అని అడుగుతుంది, అప్పుడు నేనేం చెప్పను అంది.

సెప్టెంబరు 20

రెండు రోజులు ఆలోచించాను. ఎందుకు అనే ప్రశ్న మీద ఇన్నేళ్ళలో రెండు రోజులు ఎప్పుడూ పెట్టలేదు. ఉదాహరణగా సబ్బు నీళ్ళు అన్నాను, కలిపిన రంగు అన్నాను. కండక్టర్ తల అడ్డంగా ఊపింది. తర్వాత తనే అందుకుంది. మా బస్సు చూడండి, వందమంది ఎక్కితే అరవైమందే టికెట్ తీసుకుంటారు, మిగతావాళ్ళు దొంగలు. నాకు ఆరు వందల టికెట్లు తెగాలంటే ఎంతమంది ఎక్కాలి అంది. వెంటనే తనే, వెయ్యిమంది, అంతే కదా అంది.

అంతే. వెయ్యి గ్రాములు. కిలో పొడి.

అదే ఉదాహరణ ఇవాళ తొమ్మిదో తరగతిలో చెప్పాను. దొంగలు అనగానే వెనక బెంచీ కూడా తల ఎత్తింది.

సెప్టెంబరు 26

రోజూ ఇదే. నేను కండక్టర్‌కు, కండక్టర్ కోచ్‌కు. మర్నాడు పొద్దున అటు నుంచి ప్రశ్నలు. గట్టు మీద ఒక చివర వాళ్ళిద్దరూ తడి నేల మీద సుద్దముక్కతో రాసుకుంటుంటారు. కోచ్ వేళ్ళు ఆడుతూనే ఉంటాయి. కండక్టర్ కూడా తన వేళ్ళు కలుపుతుంది. ఇద్దరివీ ఇరవై వేళ్ళు.

నేను ఇటు చివర కాళ్ళు ఆడించుకుంటూ ఉంటాను. మోకాళ్ళు వంచకుండా.

సెప్టెంబరు 30

నిన్నటిది తొందరపడి చెప్పినట్టుందట, మధ్యలో ఒక మెట్టు ఎగిరిపోయిందట, మళ్ళీ చెప్పమందట. కండక్టర్ ముఖంలో ఏ భావమూ లేకుండా చెప్పింది.

ఎవరు చెప్పమన్నది, ఎవరిని చెప్పమన్నది అని అడగలేదు.

మెట్టు ఎక్కడ ఎగిరిందో వెతికాను. ఉంది. మళ్ళీ చెప్పాను, ఈసారి నిదానంగా.

అక్టోబరు 6

ఇవాళ ఆమెకు పరీక్ష. బదులుగా వేరే పూల్ నుంచి ఒక కోచ్ వచ్చింది. పెద్దావిడ, నా వయసే. మాట్లాడటానికి తప్ప విజిల్ నోట్లోంచి తీయలేదు. ఎన్ని రోజులైంది చేరి అని నన్ను అడిగింది. రెండు నెలలు అన్నాను. రెండు నెలలకి ఇదా, ఆ పిల్లల్ని చూసి నేర్చుకోండి అంది. వీపు కింద చెయ్యి పెట్టింది. చెప్పకుండా తీసేసింది.

మునిగాను. ముక్కులోకి, చెవుల్లోకి నీళ్ళు. లేచి కడ్డీ పట్టుకున్నాను. ఆ తర్వాత ఎంతసేపు ప్రయత్నించినా ముఖం నీళ్ళలోకి వంగలేదు. రెండు నెలల పని రెండు సెకన్లలో పోయింది.

ఆవిడ మీద కోపం రాలేదు. చెడ్డమనిషి కాదు. గట్టిగా అరిస్తే బాగా నేర్పినట్టని నమ్మింది. నిజాయితీగా నమ్మింది. ఆవిడ ఒక్కో మాటా అంటుంటే, తర్వాత రాబోయే మాట ఏమిటో నాకు ముందే తెలిసిపోతోంది.

అక్టోబరు 7

ఎలా రాశావని ఎవరూ అడగలేదు. కోచ్ నన్ను ఒకసారి చూసి, ముక్కు దాకా పెట్టండి చాలు, అక్కడి నుంచి మొదలెడదాం అంది.

పరీక్ష హాల్లో చివరి దాకా కూర్చుందట. మూడు గంటలూ. ఇది కండక్టర్ కబురు.

అక్టోబరు 21

పాసు. నూటికి యాభై రెండు. బేకరీ ఆవిడ పెద్ద కేకు తెచ్చింది, గట్టు మీద తినకూడదని బోర్డు ఉన్నా గట్టు మీదే తిన్నాం. కండక్టర్ తన ఉద్యోగం మానేసి కోచింగ్ సెంటర్ పెడతానంది. మా కోచ్ అందరికీ కేకు పెట్టింది. నాకు కూడా పెట్టింది. అందరికీ పెట్టినంతే.

అక్టోబరు 25

లోతు వైపు తీసుకెళ్ళింది. ఎనిమిది అడుగులు. కడ్డీ ఒక చేత్తో పట్టుకుని ఇద్దరం పక్కపక్కన తేలుతున్నాం. మిగతావాళ్ళు అటు చివర ఉన్నారు.

అడక్కుండానే మొదలుపెట్టింది. ఆ రోజు వేళ్ళు లెక్కపెట్టడానికి కాదు మేడమ్, సరిచూసుకోవడానికి అంది. జవాబు అప్పటికే వచ్చేసిందట. యాభై ఆరు. లేచి నిలబడమన్నాక పోయిందట. చాలా రోజులు పోయిందట. ఇంట్లో అమ్మ కూరగాయల లెక్క అడిగినా పోయేదట.

అప్పుడు చెప్పాను, మూడు వాక్యాలూ. ఎప్పుడో తయారు చేసుకున్నవి కావు, అప్పటికప్పుడు వచ్చినవి, అంత బాగా లేవు. ఆమె విన్నది. పరవాలేదు అనలేదు. అని ఉంటే నాకు నమ్మకం కుదిరేది కాదు.

కొంచెం సేపటి తర్వాత, కడ్డీ వదలండి, నేను పట్టుకోను, పక్కన మాత్రం ఉంటాను అంది.

వదిలాను. అవతలి గట్టు దాకా వెళ్ళాను. మధ్యలో రెండుసార్లు ఆగి వెల్లకిలా తేలాను. ఆమె పక్కనే ఉంది.

నవంబరు 3

ఇవాళ ఆఖరి పీరియడ్. లెక్క పూర్తవుతుండగా మూడో బెంచీలో ఒక పిల్ల నా వైపే చూస్తూ ఆవులించింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు, ఉలిక్కిపడలేదు, సారీ చెప్పలేదు. ముప్పై ఏళ్ళలో నా ఎదుట ఎవరూ ఆవులించలేదు.

నాకూ వచ్చింది. ఆపుకోలేదు.